ఫోర్ట్ విలియం డౌన్‌హిల్ రేసుకు ఇంకా ఆరు వారాలే, చేతులు సగం దారిలోనే చచ్చిపోతున్నాయి

#1 రాళ్లదారి | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, ఎనిమిదేళ్లుగా ఎడిన్‌బరాలో ఉంటున్నాను, వయసు 34. నాలుగేళ్ల నుంచి ఇక్కడికి గంట దూరంలో ఉన్న ఇన్నర్‌లీథెన్ అడవుల్లో మౌంటెన్ బైక్ తొక్కుతున్నాను. నిరుడు సెకండ్ హ్యాండ్‌లో 200 మిల్లీమీటర్ల ట్రావెల్ (సస్పెన్షన్ కుంగే దూరం) ఉన్న డౌన్‌హిల్ బైక్ కొన్నాను. ఆరు వారాల్లో స్కాట్లాండ్‌లోని ఫోర్ట్ విలియంలో స్కాటిష్ సిరీస్ రౌండ్ ఒకటి ఉంది. ఫీజు కట్టేశాను. ఇదే నా మొదటి రేసు.

ఆ ట్రాక్ గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. బెన్ నెవిస్ పక్కన ఊనక్ మోర్ అని ఒక కొండ ఉంది. గొండోలా (కేబుల్ కారు) ఎక్కితే పావుగంటలో 650 మీటర్ల ఎత్తులో దింపుతుంది, అక్కడి నుంచి కింద కార్ పార్కు దాకా దిగడమే. పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు, దిగుడు 550 మీటర్ల పైమాటే. 2002 నుంచి ప్రపంచ కప్ రేసులు జరిగిన చోటు. 2007లోనూ 2023లోనూ ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా ఇక్కడే జరిగింది. 2023లో చార్లీ హాటన్ గెలిచిన రోజు నేను అడవి అంచున తాడు పట్టుకుని నిలబడి చూశాను. వాళ్లు రాళ్ల మీద వస్తుంటే ముందు చప్పుడు వినిపిస్తుంది, మనిషి తర్వాత కనిపిస్తాడు. ఆ రోజే అనుకున్నాను, ఎప్పటికైనా ఈ కొండ మీద నంబర్ ప్లేటు కట్టుకుని దిగాలని.

ఇప్పుడు అసలు సంగతి. రెండు వారాల క్రితం వెళ్లి నాలుగు సార్లు దిగాను. నాలుగు సార్లూ అడవి మొదలయ్యేసరికి ముంజేతులు రాళ్లయిపోయాయి. బ్రేక్ నొక్కుదామంటే వేలు మాట వినలేదు. ఒకసారి భయమేసి ఆగిపోయాను. కిందికి వచ్చాక నీళ్ల సీసా మూత తిప్పలేకపోయాను, పక్కనున్న కుర్రాడు తిప్పి ఇచ్చాడు. మధ్యలో రెండు సార్లు ఆగినవి కూడా కలిపితే 7 నిమిషాల 40 సెకన్లు పట్టింది. ప్రపంచ కప్ వాళ్లు ఇదే దారిని నాలుగున్నర నిమిషాలకు అటూ ఇటూగా దిగిపోతారు. నాకు వాళ్ల టైమ్ అక్కర్లేదు. ఆగకుండా, పడకుండా, నా అదుపులో దిగాలి. ఈ ఆరు వారాల్లో ఏం చెయ్యాలో చెప్పండి. జిమ్‌కు వెళ్లాలా, బైక్ సెట్టింగ్ మార్చాలా, లేక ఊరికే ఎక్కువసార్లు తొక్కాలా?

#2 నిదానం | ఆదివారం, రాత్రి 10:05

తమ్ముడూ, చెప్తే బాధపడకు. మొదటి రేసు ఫోర్ట్ విలియంలో వద్దు. నేను ఆరేళ్లు రేసులు చేసి, భుజం ఎముక రెండు సార్లు విరిగాక మానేసినవాణ్ని. ఆ ట్రాక్ మీద సగంలో చేతులు పోయినవాడికి మిగతా సగం లాటరీనే. పైభాగంలో పడితే బండరాళ్ల మీద పడతావు, మట్టి మీద కాదు. ముందు ఇన్నర్‌లీథెన్ లాంటి చోట చిన్న రేసులు రెండు చెయ్యి, స్టార్ట్ గేటు దగ్గర టెన్షన్ ఎలా ఉంటుందో చూడు, వచ్చే ఏడాది అక్కడికి వెళ్లు. ఎంట్రీ ఫీజు పోతే పోనీ.

#3 స్పానర్_బాబాయ్ | ఆదివారం, రాత్రి 11:20

నిదానం గారు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. అయితే ఆరు వారాలు తక్కువ సమయమేమీ కాదు, బాబు మానుకునే ముందు బైక్ చూద్దాం. నేను లీడ్స్‌లో పన్నెండేళ్లుగా సైకిల్ మెకానిక్‌ని, మాది గుంటూరు. చేతులు నొప్పి అని నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి లోపం చేతిలో ఉండదు, బైక్‌లో ఉంటుంది. ఇవి చెప్పు బాబూ:

నీ బరువెంత? టైర్లలో గాలి ఎంత పెడుతున్నావు, దేనితో కొలుస్తున్నావు? ఫోర్కు (ముందు సస్పెన్షన్) రీబౌండ్, అంటే కుంగాక తిరిగి పైకి లేచే వేగం, ఎన్ని క్లిక్కుల మీద ఉంది? బ్రేక్ లీవర్లు ఏ కోణంలో ఉన్నాయి? గ్రిప్ పట్టుకుంటే మధ్యవేలి కొన బొటనవేలి మొదలును తాకుతోందా, లేదా?

#4 రాళ్లదారి | సోమవారం, ఉదయం 7:48

నిదానం అన్నా, మీ మాట కొట్టిపారెయ్యడం లేదు. ఆరు వారాల తర్వాత కూడా ఇలాగే ఉంటే స్టార్ట్ చెయ్యను, ఇది ఇక్కడ అందరి ముందూ ఇస్తున్న మాట.

బాబాయ్, బరువు 78 కిలోలు, గేరంతా వేసుకుంటే 84 దాకా వస్తుంది. గాలి ముందు 30 పీఎస్‌ఐ, వెనక 32, ఫుట్ పంపు మీదున్న మీటర్‌తోనే కొలుస్తాను. రీబౌండ్ పాత ఓనరు పెట్టిందే, నేను ముట్టుకోలేదు. పూర్తిగా మూసినప్పటి నుంచి లెక్కపెడితే 3 క్లిక్కులు. లీవర్లు బాగా కిందికి వంగి ఉన్నాయి. గ్రిప్ లావుగా ఉంది, వేలి కొన తాకడం లేదు.

#5 స్పానర్_బాబాయ్ | సోమవారం, రాత్రి 8:30

సగం జవాబు నువ్వే చెప్పేశావు. ఒక్కోటి చూద్దాం, కాస్త పెద్దగానే రాస్తాను.

రీబౌండ్ 3 క్లిక్కులంటే దాదాపు మూసేసినట్టే. ఆ ట్రాక్ పైభాగంలో రాయి వెనక రాయి ఉంటుంది. మొదటి రాయికి కుంగిన ఫోర్కు రెండో రాయి వచ్చేలోపు పైకి లేవాలి. నీది లేవడం లేదు. రెండో రాయికి ఇంకాస్త కుంగుతుంది, మూడోదానికి ఇంకాస్త, పదో రాయికి వచ్చేసరికి లోపల కుంగడానికి చోటే మిగలదు. అక్కడి నుంచి ప్రతి దెబ్బా నేరుగా నీ అరచేతికే. నువ్వు ఇనుప కడ్డీ పట్టుకుని 2.8 కిలోమీటర్లు దిగుతున్నావన్నమాట. నాలుగైదు క్లిక్కులు తెరువు, ఒక చిన్న రాళ్ల ముక్క చూసుకుని అక్కడే పది సార్లు తొక్కు, ఒక్కో క్లిక్కు మారుస్తూ. మరీ ఎక్కువ తెరిస్తే హ్యాండిల్ పైకి తన్నుతుంది, అది తెలిసిపోతుంది, అక్కడి నుంచి ఒక క్లిక్కు వెనక్కి రా. ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు కలిపి మారిస్తే ఏది పని చేసిందో దేవుడికి కూడా తెలియదు.

శాగ్ కూడా చూసుకో, అంటే నువ్వు గేరుతో సహా బైక్ మీద నిలబడితే సస్పెన్షన్ ఎంత కుంగుతుందో అది. వెనక 30 శాతం దగ్గర, ముందు 20 దాటి కొంచెం. అక్కడ మొదలుపెట్టు.

గాలి. డౌన్‌హిల్ కేసింగ్ (మందపాటి గోడల) టైరే కదా? అయితే ముందు 25, వెనక 28 దగ్గర మొదలుపెట్టి చూడు. మరీ తగ్గించావో, ఆ రాళ్లు రిమ్మును పగలగొడతాయి, అందుకని వెనక టైరులో ఫోమ్ ఇన్సర్ట్ (రిమ్మును కాపాడే నురుగు పట్టీ) వేసుకుంటే మంచిది. చిన్న డిజిటల్ గేజ్ ఒకటి కొనుక్కో. ఫుట్ పంపు మీటర్లు ఒకదానికొకటి పొంతన ఉండవు, ఎప్పుడూ ఒకే గేజ్‌తో కొలిస్తేనే ఆ అంకెకు అర్థం.

లీవర్లు. కిందికి వంచి ఉంటే ఏటవాలులో నీ మణికట్టు గ్రిప్ మీద నుంచి ముందుకు దొర్లిపోతుంది, అప్పుడు పడిపోకుండా ఉండటానికి గట్టిగా పిడికిలి బిగిస్తావు. లీవరును పైకి, నేలకు సమాంతరంగా దగ్గర దగ్గరగా తీసుకురా. అరచేతి మడమ గ్రిప్ వెనక ఆనుకుంటుంది, బరువు ఎముక మీద పడుతుంది, వేళ్ల మీద కాదు. లీవరు చూపుడువేలి మొదటి గీతకు అందేంత దగ్గరగా జరుపు. సన్నని గ్రిప్పులు వేసుకో, పెద్ద ఖర్చేమీ కాదు.

రేసు సెట్టింగ్ మొదటి నిమిషం కోసం పెట్టుకోకు. ఆఖరి నిమిషంలో నీ చేతిలో ఎంత బలం మిగులుతుందో దానికి సరిపోయేలా పెట్టుకో.

#6 ఫిజియో_అక్క | సోమవారం, రాత్రి 9:55

మాంచెస్టర్ నుంచి. నేను ఫిజియోథెరపిస్టుని, మా ఆయన డౌన్‌హిల్ పిచ్చోడు కాబట్టి ఈ నొప్పి మా ఇంట్లో కూడా ఉంది.

ముంజేయి రాయిలా కావడానికి కారణం ఇది. పిడికిలి బిగించి అలాగే ఉంచితే కండరం ఉబ్బుతుంది, దాని చుట్టూ ఉన్న పొర అంతగా సాగదు, లోపలి రక్తనాళాలు నలుగుతాయి. రక్తం లోపలికీ బయటికీ సరిగ్గా పోదు. అంటే బలం చాలకపోవడం కంటే వదలకపోవడమే పెద్ద సమస్య. గట్టిగా పట్టుకున్నవాడు ఎంత బలవంతుడైనా ఎక్కువసేపు ఆగలేడు. అందుకే ట్రాక్ మీద ఎక్కడెక్కడ చేతులు వదులు చెయ్యాలో ముందే నిర్ణయించుకోవాలి. ఒక బెర్మ్ (గట్టు కట్టిన మలుపు) నుంచి ఇంకో బెర్మ్‌కి మధ్య రెండు సెకన్లు దొరికినా సరే, వేళ్లు ఆడించి, ఊపిరి గట్టిగా బయటికి వదలాలి. చాలామంది రాళ్లలోకి వెళ్లేటప్పుడు ఊపిరి బిగబడతారు, బయటికి వచ్చేదాకా వదలరు. నీ తర్వాతి రన్‌లో గమనించుకో.

వ్యాయామం వారానికి మూడు రోజులు చాలు. బార్ పట్టుకుని వేలాడటం, 30 సెకన్లతో మొదలుపెట్టి నిమిషం దాకా. రెండు చేతుల్లో బరువులు పట్టుకుని నడవటం, మన అమ్మమ్మలు రెండు బిందెలు మోసుకొచ్చినట్టు, నడుము నిటారుగా. డెడ్‌లిఫ్ట్, స్క్వాట్. ఇవి ఎందుకంటే కాళ్లు అలిసిపోతే మనిషి సీటు మీదికి వాలిపోతాడు, బరువంతా చేతులకు వస్తుంది. చేతుల నొప్పికి మూలం తొడల్లో ఉండటం నేను ఎన్నో సార్లు చూశాను. మణికట్టును పైకెత్తే కండరాలకు చిన్న డంబెల్‌తో రోజూ ఐదు నిమిషాలు. ఆఖరి వారం బరువులు ముట్టుకోవద్దు.

వేళ్లలో తిమ్మిరి గంటల తరబడి ఉంటే మాత్రం ఊరుకోకుండా డాక్టరుకు చూపించు.

#7 అవలహళ్లి_బురద | మంగళవారం, ఉదయం 6:40

బెంగళూరు నుంచి చదువుతున్నాను, మాది అనంతపురం. మా అవలహళ్లిలో ఇంత పెద్ద కొండ లేదు, కానీ ఆ రీబౌండ్ వివరణ చదివి పొద్దున్నే వెళ్లి మూడు క్లిక్కులు తెరిచి చూశాను. కాలవ గట్టు మీద వేర్ల దగ్గర తేడా అక్కడికక్కడే తెలిసింది. థాంక్స్ బాబాయ్. ఇలాంటివి తెలుగులో చదవడం ఇదే మొదటిసారి.

#8 విస్లర్_వాన | మంగళవారం, ఉదయం 11:15

వాంకూవర్ నుంచి. వేసవంతా విస్లర్ బైక్ పార్కులోనే ఉంటాను, అక్కడ మూడు రేసులు చేశాను.

అందరూ బైక్, శరీరం అంటున్నారు. నేను కళ్ల గురించి చెప్తాను. రేసుకు ముందు ట్రాక్ మీద నడవాలి, దీన్ని మించిన తయారీ లేదు. మొదటిసారి పై నుంచి కిందికి నడు, అంతా చూడు, ఏమీ నిర్ణయించుకోకు. రెండోసారి కింది నుంచి పైకి చూస్తూ నడు. మలుపు బయటికి వచ్చే చోట ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకో, అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టి ఎక్కడ లోపలికి వెళ్లాలో చూసుకో. చాలామంది రాళ్ల గుంపు ముందు నిలబడి రాళ్లనే చూస్తారు. రాళ్ల తర్వాత ఏముందో చూడాలి. రాళ్లు దాటగానే ఎడమ మలుపు ఉంటే, రాళ్లలో నున్నగా ఉన్న దారి కుడివైపు ఉన్నా పనికిరాకపోవచ్చు.

2.8 కిలోమీటర్లు మొత్తం గుర్తుపెట్టుకోవాలని చూడకు. ఎనిమిదో పదో గుర్తులు పెట్టుకో. తెల్లటి రాయి, వంగిన స్తంభం, చెక్క వంతెన చివర. ఒక్కో గుర్తుకు ఒక్క మాట. "బ్రేక్." "ఎత్తుగా." "వదులు." ఆ మాటలే పడుకునే ముందు కళ్లు మూసుకుని వరసగా చెప్పుకో, నీ రన్ ఎంతసేపు పడుతుందో అంతసేపు పట్టాలి.

ఇంకోటి, పెడల్ తొక్కడం గురించి ఎక్కువ ఆలోచించకు. 2015లో ఆస్ట్రియాలోని లియోగాంగ్ ప్రపంచ కప్‌లో అమెరికా రేసర్ ఆరన్ గ్విన్‌కు స్టార్ట్‌లోనే చైన్ తెగిపోయింది, చైన్ లేకుండానే కిందికి దిగి గెలిచాడు. వేగం కాళ్ల నుంచి కాదు, బ్రేక్ వదలడం నుంచి వస్తుంది.

#9 నిదానం | మంగళవారం, సాయంత్రం 6:02

విస్లర్ గారూ, గ్విన్ కథ కొత్తవాళ్లకు చెప్పేటప్పుడు కొంచెం జాగ్రత్త. లియోగాంగ్ ట్రాక్ వేరు, ఫోర్ట్ విలియం వేరు. ఇక్కడ ఆఖర్లో మోటర్‌వే అనే భాగం ఉంది, పెద్ద జంపులు, విశాలమైన దారి. అడవి నుంచి అలిసిపోయి బయటికి వచ్చినవాడికి అక్కడ వేగం చాలకపోతే జంపు అవతలి దిగుడుకు చేరడు, మధ్యలో పడతాడు. నేను రెండోసారి భుజం విరగ్గొట్టుకున్నది అక్కడే. తమ్ముడికి నా సలహా ఇది: మోటర్‌వేలో ఏ జంపులు దూకాలో, ఏవి పక్కదారిలో వెళ్లాలో శనివారమే తేల్చుకోవాలి. ఆదివారం కొత్త జంపు వద్దు. ఎవరు ముందు దూకినా సరే.

#10 విస్లర్_వాన | మంగళవారం, సాయంత్రం 7:30

అన్నా, ఒప్పుకుంటున్నాను. బ్రేక్ వదలడం అన్నది చేతుల మాటగా చెప్పాను. రాళ్ల మధ్యలో బ్రేక్ పట్టుకుంటే చక్రం ప్రతి రాయికీ తగిలి ఆగుతుంది, చేతులు రెట్టింపు అలుస్తాయి. రాళ్ల ముందే వేగం తగ్గించి, లోపల వదిలెయ్యాలి. జంపుల సంగతి మీరన్నదే కరెక్టు, ఆదివారం కొత్తది వద్దు.

#11 చిన్నరేసర్_అమ్మ | బుధవారం, రాత్రి 10:10

గ్లాస్గో నుంచి. మా బాబుకు పదమూడేళ్లు, రెండేళ్లుగా రేసులు చేస్తున్నాడు, నేను వ్యాను నడిపి, టెంటు వేసి, అన్నం పెట్టే మనిషిని. ట్రాక్ గురించి నాకేమీ తెలియదు, కానీ ఆ కార్ పార్కులో మూడు వీకెండ్లు గడిపాను, ఆ అనుభవం చెప్తాను.

వాన. ఫోర్ట్ విలియం బ్రిటన్‌లో బాగా వాన పడే ఊళ్లలో ఒకటి. మూడు జతల గ్లవ్స్ తీసుకెళ్లండి, తడిసినవి జేబులో పెట్టుకుని ఎండబెట్టుకోలేరు. గాగుల్స్ రెండు. కింద ఎండ ఉన్నా పైన 650 మీటర్ల దగ్గర మబ్బులో ఉంటారు, స్టార్ట్ దగ్గర అరగంట క్యూలో నిలబడితే వేళ్లు కొయ్యబారిపోతాయి. బ్రేక్ నొక్కాల్సింది ఆ వేళ్లతోనే కదా! పాత జాకెట్ ఒకటి వేసుకెళ్లి, స్టార్ట్ ముందు తీసి ఎవరికైనా ఇవ్వండి. మా బాబుకు ఇంట్లో పాత సాక్సులు రెండు చేతులకు తొడుగుతాను, గ్లవ్స్ మీద నుంచే.

గాలి బాగా ఉంటే గొండోలా ఆపేస్తారు. ఒకసారి శనివారం మధ్యాహ్నం దాకా నడవలేదు, పిల్లలకు ప్రాక్టీసు రెండు రన్‌లే దొరికాయి. అందుకని పొద్దున మొదటి క్యూలోనే ఉండాలి.

వేసవిలో మిడ్జెస్ ఉంటాయి, మన దోమల కంటే చిన్నవి, గుంపుగా మొహం మీద పడతాయి. గాలి లేని సాయంత్రం టెంటు దగ్గర బైక్ కడగడం నరకం. తలకు వల టోపీ కొనుక్కోండి, నాలుగు పౌండ్లకు దొరుకుతుంది.

తిండి: పొద్దున పెరుగన్నం, మధ్యాహ్నం పులిహోర. మా వాడికి రేసు రోజు కొత్త తిండి ఏదీ పెట్టను.

#12 రాళ్లదారి | గురువారం, రాత్రి 8:44

అమ్మగారూ, ఆ సాక్సుల మాట రాసి పెట్టుకున్నాను. అందరికీ కృతజ్ఞతలు. గ్రిప్పులు మార్చాను, లీవర్లు పైకి జరిపాను, రీబౌండ్ 8 దగ్గరికి వచ్చింది. ఈ శనివారం ఇన్నర్‌లీథెన్‌లో చూస్తాను. కానీ అక్కడ రాళ్లు తక్కువ, వేర్లూ మట్టీ ఎక్కువ, రన్‌లు కూడా చిన్నవి. రాళ్ల ప్రాక్టీసుకు ఎక్కడికి వెళ్లను?

#13 స్పానర్_బాబాయ్ | గురువారం, రాత్రి 10:18

వేల్స్‌లో ఆంటర్ స్టినియోగ్‌కి వెళ్లు, బ్లైనై ఫెస్టినియోగ్ ఊళ్లో. పాత పలకరాయి గనుల కొండ, అంతా రాయే. బైకులను పైకి చేర్చే అప్‌లిఫ్ట్ వ్యాను ఉంది, రోజుకు పది పన్నెండు రన్‌లు చెయ్యొచ్చు. ఎడిన్‌బరా నుంచి దూరమే, ఒక్కసారైనా వెళ్లిరా. ఇక రన్ పొడవు అలవాటు కావాలంటే ఫోర్ట్ విలియంకే వెళ్లి, ప్రపంచ కప్ ట్రాక్ కాకుండా అదే గొండోలా మీద నుంచి టాప్ చీఫ్ అనే దారిలో దిగు. వేగం పెంచకు, ఆగకుండా రా. ఆగకపోవడమే ఆ రోజు పని.

బ్రేకుల సంగతి అడగడం మరిచాను. ఎప్పుడు బ్లీడ్ చేయించావు, అంటే పాత ఆయిల్, గాలి తీసి కొత్త ఆయిల్ పోయించావు? ప్యాడ్లు ఏవి?

#14 రాళ్లదారి | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:30

ఆలస్యానికి క్షమించండి. జరిగింది చెప్తాను.

ఆంటర్ స్టినియోగ్‌కి వెళ్లే ముందు బ్రేకులు బ్లీడ్ చేయిద్దామని ఒక షాపులో ఇచ్చాను. నావి మినరల్ ఆయిల్ బ్రేకులు. వాళ్లు డాట్ ఫ్లూయిడ్ (వేరే రకం బ్రేక్ ద్రవం) పోశారు. నాకు తెలియదు. అక్కడ నాలుగో రన్‌లో లీవరు మెత్తబడింది, ఆరో రన్‌లో నొక్కితే హ్యాండిల్‌కి ఆనుకుంది. అదృష్టం, అది కింద చదునుగా ఉన్న చోట. గడ్డిలోకి పోనిచ్చి ఆగాను. ఇంటికొచ్చి విప్పితే లోపలి సీళ్లు ఉబ్బి ఉన్నాయి. లీవరు, కాలిపర్ రెండూ మార్చాల్సి వచ్చింది. ఇది ఎవరిమీదో పగతో రాయడం లేదు. మీరు బ్లీడ్‌కి ఇస్తే ఏ ఆయిల్ అన్నది కాగితం మీద రాసి బైక్‌కి కట్టి ఇవ్వండి, లీవరు మూత మీద రాసే ఉంటుంది, అది వాళ్లకు చూపించండి.

మంచి మాట ఏంటంటే ఆ ఆరు రన్‌లలో చేతులు నొప్పి పుట్టాయి కానీ చావలేదు. అక్క చెప్పిన ఊపిరి సంగతి గమనించాను. నిజంగానే రాళ్లలో ఊపిరి బిగబడుతున్నాను. ఇప్పుడు రాళ్ల ముందు "హా" అని బయటికే అంటున్నాను. బార్‌కి వేలాడటం 50 సెకన్లకు వచ్చింది.

#15 స్పానర్_బాబాయ్ | ఆదివారం, రాత్రి 10:02

దేవుడి దయ. ఇది చదివే అందరికీ: మినరల్ ఆయిల్ బ్రేకులో డాట్ పోసినా, డాట్ బ్రేకులో మినరల్ పోసినా సీళ్లు పాడవుతాయి, కడిగితే పోదు. ఒకే కంపెనీ కూడా ఒక మోడల్‌కి ఒకటి, ఇంకో మోడల్‌కి ఇంకోటి వాడుతుంది, కంపెనీ పేరు చూసి అనుకోకండి.

వానకు మెటల్ ప్యాడ్లు వెయ్యి. ఆర్గానిక్ ప్యాడ్లు తడి ఇసుకలో ఒక్క రోజులో అరిగిపోవడం నేను కళ్లారా చూశాను. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద ఇరవై సార్లు, వేగం నుంచి నెమ్మదిగా ఆపుతూ, పూర్తిగా నిలబడకుండా, వేడెక్కించి పట్టు తెచ్చుకోవాలి. కొత్త ప్యాడ్లు నేరుగా రేసుకు తీసుకెళ్లకు.

#16 రాళ్లదారి | రేసుకు ముందు శనివారం, రాత్రి 9:05

కార్ పార్కు నుంచి, ఫోన్‌లో రాస్తున్నాను. నిన్న సాయంత్రం ట్రాక్ మీద రెండు సార్లు నడిచాను. ఇవాళ ఐదు రన్‌లు. పొద్దున పొడిగా ఉంది, మధ్యాహ్నం నుంచి వాన.

మూడో రన్‌లో అడవిలో పడ్డాను. ఒక ఏటవాలు దిగగానే కుడి మలుపు, దాని మధ్యలో అడ్డంగా ఒక వేరు, చెయ్యి మందం. బెరడు పూర్తిగా ఊడిపోయి, ఎముకలా తెల్లగా, తడిసి మెరుస్తోంది. పొద్దున దాని మీద నుంచే వెళ్లాను, ఏమీ కాలేదు. తడిశాక ముందు చక్రం దాని వెంట ఎడమకు జారిపోయింది, నేను కుడి తుంటి మీద పడ్డాను. దెబ్బ పెద్దది కాదు, మోకాలి ప్యాడ్ కాపాడింది. లేచి పైకి నడిచి అక్కడే పది నిమిషాలు నిలబడి మిగతావాళ్లను చూశాను. వేగంగా వెళ్లేవాళ్లెవరూ ఆ వేరును ఏటవాలుగా తాకడం లేదు. ముందే ఎడమకు వెడల్పుగా వెళ్లి, వేరుకు నిటారుగా వచ్చి, బ్రేక్ ముట్టకుండా దాటి, అవతల తిరుగుతున్నారు. నాలుగో రన్‌లో అలాగే చేశాను, తెలియనే లేదు వేరు దాటినట్టు.

మోటర్‌వేలో మూడు జంపులు దూకుతున్నాను, రెండు పక్కదారిలో. అదే ఫైనల్. ఐదో రన్ ఆగకుండా కిందికి వచ్చాను. సీసా మూత నేనే తిప్పుకున్నాను.

టెన్షన్‌గా ఉంది. రేపు కూడా వానే అంటున్నారు. టైరు మార్చాలా? బురద స్పైక్ టైర్లు ఉన్నాయి నా దగ్గర.

#17 స్పానర్_బాబాయ్ | శనివారం, రాత్రి 9:20

పూర్తి స్పైకులు వద్దు. బురద అడవిలోనే, పైన అంతా రాయి. తడి రాతి మీద పొడవాటి స్పైకు వంగి జారుతుంది. ఉన్న టైరే ఉంచు, ముందు ఒక్క పాయింటు గాలి తగ్గించు, అంతే. ఇవాళ నీకు పనిచేసిన బైక్‌ని రాత్రికి రాత్రి మార్చకు. బోల్టులు బిగువు చూడు, హ్యాండిల్‌వి ముఖ్యంగా, చైన్‌కి నూనె వెయ్యి, పడుకో.

#18 విస్లర్_వాన | శనివారం, రాత్రి 9:41

వాన అందరి మీదా పడుతుంది. 2011లో స్విట్జర్లాండ్‌లోని షాంపెరీలో ప్రపంచ చాంపియన్‌షిప్ వానలో జరిగింది, బ్రిటిష్ రేసర్ డానీ హార్ట్ 11 సెకన్లకు పైగా తేడాతో గెలిచాడు. అంత తేడా ఎందుకొచ్చిందంటే మిగతావాళ్లు జారతామేమోనని బిగుసుకుపోయారు, అతను బైక్‌ని కింద జారనిచ్చాడు. నువ్వు అంత వేగం వెళ్లక్కర్లేదు. చక్రం రెండు అంగుళాలు జారితే భయపడకు, చూపు ముందుకే ఉంచు, అదే సర్దుకుంటుంది. వేరు దగ్గర నీ మాట ఏంటి?

#19 రాళ్లదారి | శనివారం, రాత్రి 9:44

"వెడల్పు."

#20 నిదానం | శనివారం, రాత్రి 10:30

తమ్ముడూ, మొదట్లో వద్దన్నది నేనే. నువ్వు పడిన చోటికి తిరిగి నడిచి వెళ్లి పది నిమిషాలు నిలబడి చూశానని రాశావు చూడు, అది చదివాక నాకు భయం పోయింది. ఆరేళ్లలో నేను ఆ పని ఒక్కసారి కూడా చెయ్యలేదు. పడితే సిగ్గుతో వెంటనే బైకెక్కి వెళ్లిపోయేవాణ్ని. రేపు స్టార్ట్‌లో మొదటి అర నిమిషం నువ్వనుకున్నదానికంటే నెమ్మదిగా వెళ్లు. గుండె దడ మీద అందరూ అక్కడే ఎక్కువ తొక్కేసి చేతులు కాల్చుకుంటారు.

#21 రాళ్లదారి | సోమవారం, రాత్రి 8:15

అయిపోయింది. 6 నిమిషాల 21 సెకన్లు. నా కేటగిరీలో 41 మందిలో 33వ స్థానం. ఆగలేదు, పడలేదు.

స్టార్ట్ దగ్గర మబ్బు, ఇరవై మీటర్ల అవతల ఏమీ కనిపించలేదు. అమ్మగారి సాక్సులు చేతులకు తొడుక్కుని కూర్చున్నాను, ముందున్న అబ్బాయి చూసి ఒకటి అడిగి తీసుకున్నాడు. ముప్పై సెకన్లకొకరిని వదులుతున్నారు. నిదానం అన్న మాట గుర్తుపెట్టుకుని మొదటి రాళ్ల దాకా నెమ్మదిగానే వెళ్లాను. పైన చెక్క వంతెన మీద గాలి పక్క నుంచి తోసింది, ఆ ఒక్క చోట పిడికిలి బిగిసింది, వంతెన చివర "వదులు" అనుకోగానే వేళ్లు తెరుచుకున్నాయి. వేరు దగ్గర వెడల్పుగా వెళ్లాను. అడవి నుంచి మోటర్‌వే మీదికి వచ్చేసరికి చేతులు మండుతున్నాయి కానీ ఒక్క వేలితోనే బ్రేక్ పడుతోంది. మూడు జంపులే దూకాను. నాలుగోది దూకాలని చాలా అనిపించింది, వేగం కూడా ఉంది, కానీ పక్కదారిలోనే వెళ్లాను.

ఫినిష్ లైను దాటాక బైక్ పడేసి గడ్డి మీద కూర్చున్నాను. అక్కడి ఒక పెద్దాయన వచ్చి బాగానే ఉన్నావా అని అడిగాడు, ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

#22 చిన్నరేసర్_అమ్మ | సోమవారం, రాత్రి 8:32

మా బాబుకు చదివి వినిపించాను. ఆ నాలుగో జంపు ఎలా దూకాలో నీకు చూపిస్తాడట, వచ్చే నెల శనివారం మేం అక్కడే ఉంటాం. పులిహోర తెస్తాను.

#23 ఫిజియో_అక్క | సోమవారం, రాత్రి 9:10

చాలా సంతోషంగా ఉంది. తుంటి మీద పడ్డావు కదా, ఇవాళ దిగేటప్పుడు మెట్ల మీద నొప్పి ఉందా? ఉంటే ఈ వారం డెడ్‌లిఫ్ట్ ఆపు, నడక మాత్రం మానకు.

#24 స్పానర్_బాబాయ్ | సోమవారం, రాత్రి 9:25

33 అంటే నీ వెనక ఎనిమిది మంది. బైక్ కడిగావా? కడిగే ముందు వెనక రిమ్ము చుట్టూ వేలు పెట్టి చూడు, ఆ రాళ్ల మీద దిగాక ఎక్కడో ఒక చోట సొట్ట ఉంటుంది. ఫోటో పెట్టు, మార్చాలా వద్దా చెప్తాను.

#25 రాళ్లదారి | సోమవారం, రాత్రి 9:58

మెట్ల మీద కొంచెం నొప్పి ఉంది అక్కా, ఆపుతాను. బాబాయ్, సొట్ట ఒకటి దొరికింది, వాల్వుకు జానెడు దూరంలో. ఫోటో రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను.